సోడాబుడ్డి చూసిన బుధుడు

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. అనుకోండి, నాకేం నష్టం లేదు. మా అమ్మాయి గురించి చెప్పేటప్పుడు గోరంత దాన్ని కొండంత చేస్తానని మా ఆయన కూడా అంటాడు. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. పెంచి చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు.

మాది కళ్ళజోళ్ళ షాపు. మా ఆయన కళ్ళు పరీక్ష చేసి పవర్ రాస్తాడు, అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెడతాడు. ఆ ఫ్రేము మొహానికి అమిరేలా చూడటం నా పని. ముక్కు మీద గుచ్చుకోకూడదు, చెవి వెనక ఒరుసుకోకూడదు, మనిషి నవ్వినా జారకూడదు. ఆ చివరిది అంత తేలికేం కాదు, కావాలంటే ప్రయత్నించి చూడండి. నాకు ముక్కు మీదే కోపమని మా వీధి వీధంతా చెప్పుకుంటుంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ ముక్కులతో కుస్తీ పట్టేదానికి కోపం ఇంకెక్కడుంటుందండీ?

షాపు అగ్గిపెట్టె అంత. కళ్ళ పరీక్షకు కావాల్సిన దూరం అందులో లేదు. అందుకని ఎదుటి గోడకు పెద్ద అద్దం తగిలించాం. అక్షరాల బోర్డేమో కుర్చీలో కూర్చున్నవాళ్ళ తల వెనక గోడకు ఉంటుంది. ఆ బోర్డు మీద అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి, అద్దంలో చూస్తేనే తిన్నగా కనబడతాయి. చూపు అద్దం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక గోడ దాకా రావాలి కాబట్టి దూరం రెట్టింపవుతుంది. చిన్న షాపులు చాలావాటిలో ఇదే ఏర్పాటు. మా కథంతా ఆ అద్దం దగ్గరే ఉంది.

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచీ దానికి దూరం ఆనదు. పవర్ ఎక్కువ, అద్దాలు మందం. బళ్ళో దాని అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినబడదు, అందరికీ అది సోడాబుడ్డి. మొదట్లో ఏడ్చేది. ఒకరోజు నేను, "ఎవడే నిన్ను ఏడిపించింది? పద, వాడి చెవులు మెలేసి వస్తాను" అని చెప్పులు వేసుకుంటే, "వద్దమ్మా, వాళ్ళ నాన్న మన షాపుకే వస్తాడు" అని ఆపేసింది. అప్పటికి ఒకటో తరగతి పిల్ల! వ్యాపారం రక్తంలోనే ఉంది.

ఆకాశం పిచ్చి దానికి ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా గుర్తు. మొట్టమొదటి కళ్ళజోడు పెట్టిన సాయంత్రం మేడమీదికి తీసుకెళ్ళాను. తలెత్తి చూసి, నోరు తెరిచి, "అమ్మా, ఇవి రోజూ ఉంటాయా?" అని అడిగింది. చుక్కలంటే అప్పటిదాకా అది బొమ్మల పుస్తకంలో గీసేవే అనుకుంది పాపం. నాకు ఏడుపొచ్చింది. అది మాత్రం ఆ రాత్రి కిందికి దిగనంది, ఎత్తుకుని తీసుకురావాల్సి వచ్చింది.

పెద్దయ్యాక టెలిస్కోపు కొనిస్తానని వాళ్ళ నాన్న ఆశపెడితే, "ఇప్పుడే వద్దు నాన్నా. ఉత్త కళ్ళతో కనబడే గ్రహాలు ఐదున్నాయి. ముందు అవి చూడనీ" అంది. దీనికి కళ్ళజోడే కళ్ళు, దాంతో చూస్తే ఉత్త కళ్ళతో చూసినట్టేనా అని మా ఆయన నవ్వితే, "నువ్వు చేసిన కళ్ళేగా, నావే" అని గదమాయించింది. శుక్రుడిని చూసింది, గురుడిని చూసింది, అంగారకుడిని, శనిని కూడా పట్టుకుంది. ఇక మిగిలింది బుధుడు. ఆయనది వేరే వ్యవహారం. సూర్యుడి చిటికెనవేలు వదలని పసిపిల్లాడు, ఎప్పుడూ ఆ వెలుగులోనే ఉంటాడు. పొద్దు గుంకాక పడమటి అంచున కాసేపు తొంగిచూసి దిగిపోతాడు. అదీ ఏడాది మొత్తం మీద ఏ కొద్ది రోజులో.

ఈ ఏడు ఆ రోజులు వచ్చాయి. బళ్ళో సైన్సు టీచరమ్మ, మంచి మనిషి, ఓ ఏర్పాటు చేసింది. పిల్లల తల్లిదండ్రులందరినీ బడి మేడమీదికి పిలిచి, టెలిస్కోపు లేకుండా బుధుడిని చూపించడం. చూపించే పని మా అమ్మాయికి అప్పజెప్పింది. ఏ రోజు, ఏ వేళకు, ఏ దిక్కున చూడాలో లెక్కగట్టింది అదే మరి. వాటర్ ట్యాంకుకు ఎడమ పక్క, చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలంత ఎత్తులో. క్లాసు మొత్తానికి నేర్పింది. ఇంట్లో మమ్మల్నీ వదల్లేదు. మా ఆయన భోజనం మధ్యలో ఎడమచేతి పిడికిలి గోడ మీదికి చాపి కొలుస్తూ కూర్చునేవాడు.

అసలు కార్యక్రమానికి రెండ్రోజుల ముందు, పిల్లలకు మాత్రమే ఒక సాధన పెట్టింది టీచరమ్మ. పొద్దు గుంకాక అందరూ బడి మేడ అంచున నిలబడ్డారు. కాసేపయ్యాక, "ఎవరెవరికి కనబడింది?" అని ఆవిడ అడిగితే చేతులన్నీ లేచాయట. మైకు అని ఒక పిల్లాడున్నాడు, వాడి గొంతు వింటే ఆ పేరెందుకో ఎవరూ అడగరు. వాడు, "అదిగో టీచర్! ఎంత ఎర్రగా ఉందో!" అని ఎగిరాడట. తలా ఒక దిక్కు చూపిస్తున్నారట.

చెయ్యి ఎత్తనిది మా అమ్మాయి ఒక్కతే.

"నాకు కనబడలేదు టీచర్" అందట.

"సోడాబుడ్డికి ఎలా కనబడుతుంది టీచర్!" అన్నాడు మైకు. మేడంతా నవ్వులు. టీచరమ్మ వాణ్ణి కసిరి, మా అమ్మాయిని పక్కకు పిలిచింది. "చూడు తల్లీ, చూపించేవాళ్ళకి ముందు కనబడాలి కదా. ఎల్లుండి నీకు కనబడితే నువ్వే చూపించు. కనబడకపోతే గ్రహం గురించి నువ్వు మాట్లాడు, చూపించే పని మైకు చూసుకుంటాడు" అంది. న్యాయమైన మాటే. న్యాయమైన మాట మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం, నేను ఆ రాత్రంతా ప్రయత్నించాను.

ఇంటికొచ్చి సంచీ ఓ మూల పడేసి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. గుచ్చి గుచ్చి అడిగితే ఇదంతా చెప్పింది. నా ఒళ్ళు మండిపోయింది.

"అందరూ ఎత్తినప్పుడు నువ్వూ ఓ చెయ్యి ఎత్తితే ఏం పోయిందే? వాళ్ళందరికీ నేర్పింది నువ్వేగా!"

అది నా వంక చూసింది. "కనబడకపోతే కనబడిందని ఎలా చెప్పనమ్మా? అక్షరాలు బట్టీపట్టి అప్పజెప్పేవాళ్ళని నువ్వే కదా తిడతావు, తప్పు పవర్ తగిలించుకుని పోతారని?"

నిజమే, తిడతాను. బండి లైసెన్సు కోసం వచ్చేవాళ్ళు బయట బెంచీ మీద కూర్చుని లోపలివాడు చదివేది విని బట్టీపడతారు. మొహం వాచేలా చీవాట్లు పెట్టి పంపిస్తాను. ఇప్పుడు నా మాట నాకే అప్పజెప్పింది.

అప్పుడే చూశాను, మాట్లాడుతున్నంతసేపూ అది చూపుడువేలితో కళ్ళజోడును మొహానికేసి నొక్కుకుంటోంది. ఫ్రేము జారుతోందనుకున్నాను, అంటే నా పనితనమే దెబ్బతింది. వెంటనే లాక్కుని ముక్కు దగ్గర దిండ్లు బిగించి, చెవి దగ్గర వంపు సరిచేసి ఇచ్చాను. "జారట్లేదమ్మా" అంది. మళ్ళీ నొక్కుకుంది.

దూరం ఆనని పిల్లలు అలా నొక్కుకుంటే మా పనిలో దానికి ఒక్కటే అర్థం, పవర్ చాలట్లేదని. ఆ రకం అద్దం కంటికి దగ్గరయ్యేకొద్దీ కాస్త బలం పెరుగుతుంది. పరాయి పిల్ల షాపులో కూర్చుని అలా చేసి ఉంటే గుమ్మంలోనే పట్టుకునేదాన్ని. కన్నకూతురి దగ్గర తట్టలేదు. నెల కింద చేసిన కొత్త అద్దాలాయె, చేసింది స్వయానా వాళ్ళ నాన్నాయె. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకి అది షాపు మెట్టు మీద నిలబడి కళ్ళజోడు నొక్కుతూ, వదులుతూ, వీధిని చూస్తోంది.

"అమ్మా, ఒకసారి ఇటు రా. బేకరీ దగ్గర దీపం చూడు, గుండ్రంగా ఉంది. వీధి చివర పెట్రోలు బంకు దీపం మాత్రం దూది చిమ్మినట్టుంది. నొక్కితే దూది కొంచెం తగ్గుతోంది."

నేను గుడ్లు మిటకరించాను. అప్పటికి వెలిగింది నా బుర్ర. లోపలికి కేకేశాను. "ఏవండీ! దీని పవర్ చాలట్లేదు!"

"నెల కూడా కాలేదు, చాలకపోవడమేంటి? నీ కంగారూ నువ్వూ" అంటూ వచ్చాడు మా ఆయన. కళ్ళజోడు తీసుకుని పవర్ కొలిచే మిషను మీద పెట్టి చూశాడు. రాసిన పవరే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. "చూశావా?" అని నాకేసి తలెగరేశాడు.

"రాసిందే తప్పయితే?" అన్నాను.

మా ఆయనకు కోపమొస్తే అరవడు, మాట్లాడటం మానేస్తాడు. మానేశాడు. అమ్మాయి మాత్రం ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పరీక్ష కుర్చీ ఎక్కి కూర్చుంది. "నాన్నా, చూడు" అంది.

ఆయన బోర్డు మీద దీపం వేశాడు. అది అద్దంలోకి చూస్తూ పెద్ద అక్షరాలు గడగడా చదివింది. కింది వరసలకు వచ్చేసరికి తడబడింది, ఆఖరి వరస దగ్గర ఆగిపోయింది. ఆయన పరీక్ష పెట్టెలోంచి అర పాయింటు అద్దం బిళ్ళ తీసి దాని కంటి ముందు అడ్డంపెట్టాడు. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, తన పాత రాగం అందుకున్నాడు. "ముందు బాగుందా... ఇప్పుడు బాగుందా?" షాపు పెట్టినప్పటి నుంచీ అదే ప్రశ్న, అదే రాగం. వీధిలో పిల్లలు ఆయన కనబడితే అలాగే పాడతారు.

"ఇప్పుడు" అంది.

బిళ్ళ తీశాడు. "ఇప్పుడు?"

"ముందు బాగుంది."

రెండో కన్నూ అంతే. ఆయన మొహంలో రంగు మారిపోయింది. నా వంక తిరిగి గొంతు తగ్గించి, "నెలలో ఇంత పెరగకూడదే" అన్నాడు. నా గుండెల్లో రాయి పడింది. పవర్ అలా పరుగులు పెడుతోందంటే లోపల ఇంకేదో మొదలైందేమో! పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలా, ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి, మనసు నాలుగు దిక్కులా పరిగెత్తింది. ఆ క్షణంలో బుధుడు ఎక్కడికి పోయినా నాకు పట్టేది కాదు.

అమ్మాయి మాత్రం అద్దంలోకే చూస్తోంది. అక్షరాలను కాదు, అద్దాన్ని.

"నాన్నా, ఆ రోజు అద్దం లేదు" అంది.

"ఏ రోజు?"

"షాపుకి రంగులు వేసిన రోజు. నా జోడు విరిగింది కదా. అప్పుడు అద్దం గోడకి లేదు. నేను అక్షరాలు తిన్నగా చూసి చదివాను."

మా ఆయన అద్దం వంక తిరిగాడు. నాకూ ఒక్కసారిగా అంతా కళ్ళముందుకొచ్చింది. షాపు మూసేసి రంగులు వేయిస్తున్నాం. సరిగ్గా అప్పుడే దాని కళ్ళజోడు కుర్చీలో ఉండగా ఎవరో దాని మీద కూర్చున్నారు. ఎవరు కూర్చున్నారన్నది ఇప్పుడు అనవసరం. మర్నాడు బడి. అద్దాన్ని దుప్పటి చుట్టి మూలన పెట్టేశాం. రంగులవాళ్ళు నిచ్చెన జరపమని ఒకటే గోల. మా ఆయన అద్దం మేకుకే మామూలు బోర్డు ఒకటి తగిలించి, ఆ హడావుడిలోనే పిల్లకు పరీక్ష కానిచ్చేశాడు. దూరం సగమైపోయిందన్న సంగతి ఆయనకి తట్టలేదు. దగ్గరి బోర్డు కాబట్టి తక్కువ పవర్‌కే చదివేసింది. ఆ పవర్ బళ్ళో బోర్డుకి సరిపోయింది, ఆకాశానికి చాల్లేదు. పైగా నెలంతా మబ్బులు, చుక్క చూసి ఎరగదు, లేకపోతే ఎప్పుడో పట్టుకునేది. వేరే వాళ్ళెవరికైనా అయితే అద్దం తగిలించేదాకా ఆగేవాడు. మన పిల్లే కదా అనుకున్నాడు.

"తప్పు నాది తల్లీ" అన్నాడు ఆయన.

అది కుర్చీలోంచి ఒక్క దూకు దూకింది. "అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయి! అమ్మా, నా కళ్ళు బాగానే ఉన్నాయి!"

మా ఆయనకి పెట్టాల్సిన గడ్డి నా నోటి చివరిదాకా వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి మింగేశాను. గుండెల్లో రాయి దిగిపోతే తిట్లు కూడా దాంతోపాటే దిగిపోతాయని నాకు అప్పుడే తెలిసింది.

కానీ అంత పవర్ అద్దాలు షాపులో ఉంచం. కంపెనీ నుంచి తెప్పించాలి, వారం పడుతుంది. కార్యక్రమం రేపే, వారానికి బుధుడు సూర్యుడిలో కలిసిపోతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది మా పరిస్థితి. మా ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, ఎక్కడా లేవన్నారు.

అమ్మాయి పరీక్ష పెట్టె దగ్గరికి వెళ్ళి, అందులోంచి పరీక్ష ఫ్రేము తీసి ముందు పెట్టింది. మీరూ ఎప్పుడో పెట్టుకునే ఉంటారు. ఇనుప వలయాలు రెండు, పక్కలకు మరలు, బిళ్ళలు దూర్చడానికి గాడులు, బరువు చెప్పక్కర్లేదు. దాన్ని పెట్టుకుంటే ఎంతటి అందగాడైనా విరిగిపోయిన గడియారంలా ఉంటాడు. కుర్చీలో కూర్చుని అక్షరాలు చదవడానికి తప్ప, దాంతో నాలుగడుగులు కూడా ఎవరూ వేయరు.

"ఇందులో సరైన బిళ్ళలు వేసివ్వు నాన్నా" అంది.

"ఛీ ఛీ! ఇది పెట్టుకుని బడికా? అంతమంది ముందా?" అన్నాను. సోడాబుడ్డి అంటేనే చిన్నప్పుడు దిండు తడిసేలా ఏడ్చిన పిల్ల. రేపు మేడమీద ఇంకేమంటారో!

"నవ్వితే నవ్వనీ అమ్మా. బుధుడు నవ్వడుగా" అని, ఫ్రేము నా చేతిలో పెట్టింది. "నువ్వు బిగించు. నవ్వినా జారకూడదు."

మా ఆయన బిళ్ళలు ఒకటికి నాలుగుసార్లు తుడిచి, అద్దంలో బోర్డు ఆఖరి వరసలో చుక్కతో సహా చదివించి గానీ వదల్లేదు. మర్నాడు దాని బడి అయ్యేలోపల నేను ఆ ఇనుపముక్కకు ముక్కు దగ్గర మెత్తటి రబ్బరు అతికించాను, చెవుల దగ్గర దూది చుట్టాను, తల వెనక్కి పట్టీ వేశాను. పెట్టి, గెంతమన్నాను. గెంతింది. నవ్వమన్నాను. నవ్వింది. వెంట్రుకంత కదల్లేదు. నా చేతి పని అది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

సాయంత్రం బడి మేడ నిండిపోయింది. సగం మంది మా షాపువాళ్ళే, మొహాలు మరిచిపోయినా ముక్కులు గుర్తుపట్టాను. మా అమ్మాయి మెట్లెక్కి పైకి రాగానే పిల్లలు గొల్లుమన్నారు. "రోబో! రోబో!" అని ఒకడు. అది తల దించలేదు, గోడ దగ్గరికి నడిచి వెళ్ళి నిలబడింది.

మా ఎదుటి వరస ఫోటో స్టూడియో ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదు. అందరికీ వినబడేలా, "ఏమ్మా, కళ్ళజోళ్ళ షాపువాళ్ళ పిల్లకే సరైన జోడు కరువైందా?" అన్నాడు. చుట్టూ నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నన్నాపుదామని చెయ్యి చాపాడు కానీ, ఆలస్యమైంది.

"అవునండీ, మా ఆయన పవర్ తప్పు రాశాడు. మా అమ్మాయి పట్టుకుంది" అన్నాను, ఆయనకంటే పెద్దగా. "ఇన్నేళ్ళుగా మీ ఫోటోల్లో మా మెడలన్నీ వంకరగా వస్తున్నాయి. పట్టుకునేవాళ్ళు మీ ఇంట్లో ఇంకా పుట్టలేదేమో!"

ఈసారి నవ్వులు అటు తిరిగాయి. మా ఆయన నా చెవి దగ్గర గొణిగాడు. "షాపు పరువు తీశావు కదే."

"మన పరువు అదిగో, గోడ దగ్గర నిలబడి ఉంది. చూడండి" అన్నాను.

పొద్దు గుంకింది. మేడమీద దీపాలు ఆర్పించింది అమ్మాయి. పడమర నారింజ రంగు నుంచి బూడిద రంగులోకి దిగుతోంది. అందరూ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తున్నారు. ఉన్నట్టుండి మైకు గొంతు లేచింది. "అదిగో! నాకు కనబడింది! నేను చూపిస్తాను!"

జనమంతా అటు తిరిగారు. టీచరమ్మ మా అమ్మాయి వంక చూసింది. అది మైకు చూపించిన వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"అది టవర్ మీద దీపం. చూస్తూ ఉండు, ఆరిపోతుంది" అంది.

ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మైకు చెయ్యి దించేశాడు.

తర్వాత ఎంతకూ ఏమీ లేదు. జనం కాళ్ళు మార్చుకుంటున్నారు. ఎవరో దగ్గారు, ఎవరో వెళ్దామా అన్నారు. టీచరమ్మ రెండుసార్లు చేతిగడియారం చూసుకుంది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. బిళ్ళ మళ్ళీ తప్పు పడిందేమోనని ఆయన భయం, ఈ పిల్ల మళ్ళీ అందరి ముందు కనబడలేదనాల్సి వస్తుందేమోనని నా భయం. అంటుంది కూడా! కనబడకపోతే అనే తీరుతుంది. దాని సంగతి నాకు తెలుసు.

అప్పుడు దాని చెయ్యి లేచింది. అరవలేదు, ఎగరలేదు.

"వచ్చాడు" అంది.

తరగతిలో పాఠం చెప్పినట్టు నింపాదిగా చెప్పింది. "ట్యాంకు ఎడమ అంచు చూడండి. అక్కణ్ణుంచి ఎడమకి రెండు వేళ్ళు జరగండి. పిడికిలి చాపి, దాని పైఅంచున చూపు నిలపండి. వెతక్కండి, ఊరికే అక్కడ చూస్తూ ఉండండి. చిన్న చుక్క. ఆరదు."

ముందు టీచరమ్మ "ఆ!" అంది. ఆ తర్వాత ఒక ముసలాయన. ఆ తర్వాత ఇద్దరు పిల్లలు. ఈసారి చేతులన్నీ ఒకే దిక్కుకు చాచి ఉన్నాయి. స్టూడియో ఆయన కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు, అందులోంచి మాట మాత్రం రాలేదు. టీచరమ్మ వచ్చి మా అమ్మాయి తల మీద చెయ్యి వేసింది. ఏమందో నాకు వినబడలేదు కానీ, అది నవ్వింది. ఫ్రేము జారలేదు.

పిల్లలు దాని చుట్టూ మూగారు. ఆ ఇనుప కళ్ళజోడే టెలిస్కోపు అనుకున్నారు వెర్రివాళ్ళు. "సోడాబుడ్డీ, ఒక్కసారి నాకివ్వవే, నేనూ చూస్తా" అని మైకే బతిమాలుతున్నాడు. ఆ పేరు వాడి నోట అంత మర్యాదగా నేనెప్పుడూ వినలేదు.

"ఇది నా కళ్ళకి మాత్రమేరా. నీ కళ్ళకి ఏమీ అక్కర్లేదు, ఉత్తగా చూడు" అని, వాడి భుజాలు పట్టుకుని సరైన దిక్కుకు తిప్పింది. వాడు చాలాసేపు చూశాడు. "ఇంత చిన్నదా!" అన్నాడు చివరికి.

ఇక్కడ నా సంగతి ఒకటుంది. అందరికీ కనబడింది. మా ఆయనకి కనబడింది, కళ్ళు తుడుచుకుంటూ చూస్తున్నాడు. నాకు మాత్రం కనబడలేదు. ట్యాంకు కనబడింది, పిడికిలి కనబడింది, నా గాజులు కూడా కనబడ్డాయి, బుధుడు మాత్రం లేడు. పక్కనున్న వాళ్ళు వరసగా వచ్చి, "ఎంత బాగుందో కదండీ! మీ అమ్మాయి బంగారం!" అంటున్నారు. నేను తలూపుతున్నాను.

అది జనాన్ని తప్పించుకుని నా దగ్గరికొచ్చింది. "అమ్మా, కనబడిందా?"

చుట్టూ అందరూ మా వంకే చూస్తున్నారు. ఆ, కనబడింది, అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. చూపించిన పిల్ల కన్నతల్లికే కనబడలేదంటే ఏం బాగుంటుంది? కానీ నేను ఎవరి అమ్మని?

"లేదే. నాకు కనబడలేదు" అన్నాను, వెనక వరస దాకా వినబడేలా.

దాని మొహం వాడిపోతుందేమో అనుకున్నాను. వెలిగిపోయింది. నా వెనక్కి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, గడ్డం నా భుజం మీద ఆనించింది. ఇనుప ఫ్రేము చల్లగా నా చెంపకు తగిలింది. చెయ్యి నా చెంప పక్కనుంచి ముందుకు చాపింది.

"నా వేలి చివర చూడు. వేరే ఎక్కడా చూడకు. త్వరగా, దిగిపోతున్నాడు. ఇప్పుడు వేలు తీసేస్తాను, నువ్వు అక్కడే ఉండు."

వేలు తీసేసింది. అది ఉన్న చోట, ఆ మసక వెలుగులో, ఆవగింజంత చుక్క ఒకటి ఆరకుండా వెలుగుతోంది.

"ముందు బాగుందా..." అని నా చెవిలో వాళ్ళ నాన్న రాగం అందుకుంది. "ఇప్పుడు బాగుందా?"

ఆ చుక్క మీంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడే" అన్నాను.